6 లక్షల్లో ఇంటిల్లిపాదికీ కారు: అయిదుగురం, అమ్మకి మోకాళ్ళ నొప్పులు, నెలకోసారి పలాస

పెందుర్తి_లెక్కలమాస్టారు
అందరికీ నమస్కారం. జూనియర్ కాలేజీలో లెక్కలు చెబుతాను, ఇల్లు వైజాగ్ పెందుర్తిలో. ఇంట్లో అయిదుగురం: నేను, మా ఆవిడ, అమ్మ, ఇంటర్ చదివే అమ్మాయి, ఎనిమిదో తరగతి అబ్బాయి. ఇన్నాళ్ళూ ఒక్క బండి మీదే నెట్టుకొచ్చాం. సొంతూరు పలాస పక్కన. నాన్న పోయాక అమ్మని ఇక్కడికి తెచ్చుకున్నాను గానీ ఆవిడ ప్రాణమంతా ఆ కొబ్బరితోట మీదే. నెలకోసారి తీసుకెళ్ళకపోతే అన్నం సయించదు. మొన్న ఆర్టీసీ కాంప్లెక్స్‌లో బస్సు మెట్టు ఎక్కబోయి మోకాలు పట్టేసి అక్కడే కూలబడిపోయింది. ఇక కారు కొనాల్సిందేనని ఆ రోజే అనుకున్నాను.

చిట్టీ ఎత్తిన డబ్బు 2.5 లక్షలుంది, మిగతాది లోను. అన్నీ కలిపి కారు రోడ్డెక్కేసరికి 6, మహా అయితే 6.5 లక్షలు దాటకూడదు. ఊరికి రానుపోను 400 కిలోమీటర్లకి కాస్త తక్కువ. ఊళ్ళో తిరుగుడుతో కలిపి నెలకి 750 అవుతుంది. ఆల్టో కె10, వాగన్ ఆర్, టియాగో, క్విడ్ అనుకుంటున్నాను. సెకండ్ హ్యాండ్ మంచిదా? డ్రైవింగ్ నేర్చుకుని లైసెన్సు తీసుకున్నాను, అంతకుమించి కార్ల గురించి తెలియదు. విడమరిచి చెప్పండి.

ఆటోనగర్_పానా
మాస్టారూ, కారు పేరు తరవాత సూద్దాం. మీ అమ్మగారిని షోరూముకి తీసుకెళ్ళారా? నేదంటే రేపే తీసుకెళ్ళండి. నాలుగు కార్లలోనూ ఆవిడ ఎక్కి దిగాల. ఇరవయ్యేళ్ళ నుంచి కార్లు ఇప్పుతున్నాను. నడిపేవోడికి నచ్చి కొన్న బండిలో ముసలోళ్ళు పడే ఇబ్బంది మా సెడ్డు ముందు రోజూ సూస్తన్నాను.

ఉషోదయ_జంక్షన్
పానా గారి మాట నూటికి నూరుపాళ్ళూ నిజం. మాది ఆరేళ్ళ వాగన్ ఆర్, నేనే నడుపుతాను. అత్తయ్యగారికి రెండు మోకాళ్ళకీ ఆపరేషన్ అయింది. కొనే ముందు నాకు తట్టని సంగతి ఇది: సీటు మన తుంటి ఎత్తులో ఉంటే పక్కకి తిరిగి కూర్చుని కాళ్ళు లోపలికి తీసుకుంటాం. అంతకన్నా కిందకి ఉంటే గొయ్యిలోకి దిగినట్టు కూలబడాలి, లేచేటప్పుడు ఒంటి బరువంతా మోకాలి మీద పడుతుంది. మా పాత కారు సీటు కిందకి ఉండేది. అత్తయ్యగారు దిగడానికి ఒకరు చెయ్యి పట్టుకోవాలి, ఒకరు వెనక నుంచి ఊతం ఇవ్వాలి. పెళ్ళికి వెళ్ళిన చోట నలుగురి ముందూ అలా దిగాల్సి వస్తుందని ఆవిడ గడప దాటడమే మానేశారు. ఈ కారు వచ్చాక, "పద, సంపత్ వినాయకుడి దగ్గరికి వెళ్ళొద్దాం" అని తనే అడుగుతారు.

ఎత్తు కారు కాబట్టి తల తగలదు, తలుపు వెడల్పుగా తెరుచుకుంటుంది. డిక్కీ 341 లీటర్లు. ఆల్టో కె10లో 214. ఊరి నుంచి బియ్యం, కొబ్బరికాయలు తెచ్చుకునేవాళ్ళకి ఈ తేడా మొదటి ప్రయాణంలోనే తెలుస్తుంది.

అరకు_ఘాట్
ఎక్కిదిగే సుఖం సరే. పిల్లలతో హైవే మీద నెలకి 400 కిలోమీటర్లు తిరిగే మనిషికి భద్రత సంగతి ఎవరూ చెప్పరేం? కార్లని గుద్దించి అయిదు నక్షత్రాలకి మార్కులేసే గ్లోబల్ ఎన్‌క్యాప్ పరీక్షలో టియాగోకి 2020లో పెద్దల భద్రతకి 4 నక్షత్రాలు వచ్చాయి. వాగన్ ఆర్‌కి 2023లో ఒక్కటే, పిల్లల భద్రతకి సున్నా. ఆనందపురం దాటాక లారీల మధ్య ఎలా ఉంటుందో మీకు తెలుసు. నాది టియాగో. తలుపు వేస్తేనే గట్టిగా ఉందని తెలుస్తుంది. అనంతగిరి ఘాట్‌లో నలుగురితో ఎన్నోసార్లు ఎక్కాను, మలుపుల్లో నిబ్బరంగా ఉంటుంది.

ఉషోదయ_జంక్షన్
మీ ఆందోళన న్యాయమైనదే. కానీ ఆ రెండూ ఒకే ప్రశ్నపత్రం కావు. 2022లో గ్లోబల్ ఎన్‌క్యాప్ నియమాలు కఠినం చేసింది. పక్క నుంచి గుద్దే పరీక్ష, స్థిరత్వ నియంత్రణ (బండి జారి అదుపు తప్పకుండా చూసే ఏర్పాటు), పాదచారుల రక్షణ అన్నీ కలిపింది. టియాగో రాసింది పాత పరీక్ష, వాగన్ ఆర్ రాసింది కొత్తది. పైగా అప్పట్లో వాగన్ ఆర్‌లో రెండే ఎయిర్‌బ్యాగులు. 2025 నుంచి అన్ని వేరియంట్లలోనూ ఆరు ఇస్తున్నారు, ఆల్టో కె10లోనూ అంతే.

అరకు_ఘాట్
పరీక్షలు వేరన్న మాట ఒప్పుకుంటాను. అయినా ఒక్క నక్షత్రం ఒక్కటే. ఎయిర్‌బ్యాగులు పెంచితే బండి కట్టుబడి మారిపోదు. నా మాట మీద నేనున్నాను.
మాస్టారికి ఒక విన్నపం: ఏ కారు కొన్నా వెనక మధ్య సీటు బెల్టు చూడండి. భుజం మీదుగా వచ్చేదా, నడుముకి మాత్రమే కట్టేదా? ఆ సీట్లో కూర్చునేది మీ అబ్బాయే. వెనక కూర్చున్నవాళ్ళు బెల్టు పెట్టుకోకపోతే 1,000 రూపాయల జరిమానా ఉంది. డబ్బు మాట పక్కన పెట్టండి, బెల్టు లేని వెనక మనిషి గుద్దుడులో ఎగిరి ముందు సీటు మీద పడతాడు. అమ్మగారు ముందు కూర్చుంటే ఆవిడ మీదే.

పెందుర్తి_లెక్కలమాస్టారు
ఈ మాట చదివి మా ఆవిడకి వినిపించాను. మధ్య సీటు బెల్టు నా జాబితాలో మొదటిది ఇక. కార్ల ధరలు ఈ మధ్య తగ్గాయంటున్నారు, నిజంగా తగ్గాయా?

కంచరపాలెం_బ్యాంకు
తగ్గాయి. 2025 సెప్టెంబర్ 22 నుంచి 4 మీటర్ల లోపు పొడవు, 1200 సీసీ లోపు ఇంజన్ ఉన్న పెట్రోలు కార్లకి జీఎస్టీ 28 నుంచి 18 శాతానికి దిగింది, పైనున్న సెస్సు కూడా పోయింది. మీ నాలుగు కార్లూ ఇందులోకి వస్తాయి. అప్పటి ప్రకటన ప్రకారం షోరూము ధర ఆల్టో కె10 3.7 లక్షలు, క్విడ్ 4.3, టియాగో 4.6, వాగన్ ఆర్ 5 లక్షల దగ్గర మొదలు. ఇవన్నీ బేస్ వేరియంట్, అంటే అన్నిటికన్నా చవక రకం ధరలు. వీటిపైన లైఫ్ టాక్స్, ఇన్సూరెన్సు, రిజిస్ట్రేషన్, ఫాస్టాగ్. 5 లక్షల కారు రోడ్డెక్కేసరికి 6 లక్షల దగ్గరికి చేరుతుంది. కొటేషన్ ఎప్పుడూ ఆన్‌రోడ్ ధరకే, పద్దులవారీగా కాగితం మీద తీసుకోండి. అందులో "హ్యాండ్లింగ్ ఛార్జీలు" అని కనబడితే అది ఏ లెక్కన పడిందో రాతపూర్వకంగా అడగండి. చాలాచోట్ల అడిగిన వెంటనే తీసేస్తారు. యాక్సెసరీల ప్యాకేజీ తీసుకోవాలని ఎక్కడా నిబంధన లేదు.

లెక్కల మాస్టారికి లెక్క చెప్పడం సాహసమే గానీ ఇది నా రోజువారీ పని కాబట్టి చెబుతాను. 4 లక్షల లోను, 9 శాతం అనుకుందాం. అయిదేళ్ళకైతే నెల కిస్తు 8,303, మొత్తం వడ్డీ 98 వేల చిల్లర. ఏడేళ్ళకైతే కిస్తు 6,436, వడ్డీ లక్షా 40 వేలు దాటుతుంది. కిస్తు తగ్గుతుందని ఏడేళ్ళు రాయించుకునేవాళ్ళు కౌంటరు దగ్గర రోజూ కనిపిస్తారు. ఆరో ఏడు కారుకి టైర్లు, బ్యాటరీ ఖర్చులు ఒకపక్క, కిస్తు ఇంకోపక్క వచ్చి పడతాయి. అయిదేళ్ళు దాటొద్దు. ముందే తీర్చేస్తే ఛార్జీ ఎంతో సంతకం పెట్టకముందే అడగండి.

ఇక నెల ఖర్చు. మీ 750 కిలోమీటర్లకి, లీటరుకి 18 వస్తుందనుకుంటే 42 లీటర్లు. మన దగ్గర లీటరు 108 రూపాయల లెక్కన 4,500. సర్వీసు, ఇన్సూరెన్సు, టైర్ల కోసం నెలకి 2,500 విడిగా తీసిపెట్టండి. కిస్తుతో కలిపి 15,300. ఇది జీతంలోంచి నొప్పి లేకుండా తీయగలిగితేనే కొత్త కారు.

పెందుర్తి_లెక్కలమాస్టారు
తీయగలను, కానీ ట్యూషన్ డబ్బు కూడా కలిపితేనే. అందుకే సెకండ్ హ్యాండ్ అడిగాను. తెలిసినవాళ్ళ ద్వారా 2017 మోడల్ 2.8 లక్షలకి వస్తోంది. యజమాని ఇల్లు బీచ్ రోడ్డులో. సీఎన్‌జీ గురించి కూడా ఎవరైనా చెప్పండి.

ఆటోనగర్_పానా
బీచ్ రోడ్డు బండా? అయితే ఆగండి. ఈ ఊళ్ళో పాత కారు కొనాలంటే ఇంజనుకన్నా ముందు అడుగు సూడాల. ఉప్పుగాలి పైన రంగుని ఏటీ సెయ్యదు, కిందనుంచి తింటాది. అద్దాల్లాగ మెరిసే బండిని లిఫ్టు ఎక్కిస్తే, అడుగున సైలెన్సరు పట్టీలు ఏలితో గిల్లితే పొడి రాలిపోయినవి సూసేను. తలుపు తెరిసి కింది అంచున ఏలు పెట్టి సూడండి. అక్కడ సన్న కన్నాలుంటాయి, నీళ్ళు కారిపోడానికి. అవి మట్టితో పూడుకుపోతే లోపల నీళ్ళు నిలిచి తలుపు లోనుంచి కుళ్ళిపోతాది. డిక్కీలో స్టెప్నీ తీసి దాని కింద రేకు సూడండి. డోరు రబ్బరు కొంచెం లాగి లోపలి వెల్డింగు సుక్కలు సూడండి. కంపెనీ సుక్కలు వరసగా ఒకే దూరంలో ఉంటాయి. ఎగుడుదిగుడుగా ఉంటే గుద్దిన బండిని అతికించారన్నమాట.

వాననీట మునిగిన బండి ఎలా తెలుస్తాదంటే, సీటు బెల్టు మొత్తం బయటకి లాగండి. ఆఖరి మూర దాకా లాగాల. ఆ సివర బురద గీత ఉంటే మునిగిందే. సీట్లు కడుగుతారు గానీ బెల్టు సివర ఎవడూ కడగడు.

టైరు మీద నాలుగంకెలు సూడండి. 2325 అంటే 2025లో 23వ వారం తయారీ. ముప్పై వేలే తిరిగిందని సెప్పిన బండికి నాలుగు టైర్లూ కొత్తవైతే, మీటరు మీద నాకు నమ్మకం ఉండదు. సర్వీసు సెంటర్లో బండి నంబరు సెప్పి పాత రికార్డు అడగండి, అందులో కిలోమీటర్లు రాసుంటాయి.

కాయితాలు: బండి మీ పేరుకి మారడానికి ఫారం 29, 30 మీద సంతకాలు. లోనుంటే అది తీరిపోయిందని బ్యాంకు నుంచి ఫారం 35, నో డ్యూస్ కాయితం. చలానాలు ఎన్నున్నాయో ముందే సూసుకోండి. పాత ఏపీ 31 నంబర్లు ఇంకా సేనా తిరుగుతున్నాయి. పదిహేనేళ్ళకి రిజిస్ట్రేషను మళ్ళీ సేయించాల, ఆ లెక్క కూడా ధరలో కట్టండి.

నాకు 500 ఇచ్చి మీ ముందే లిఫ్టు ఎక్కించమనండి. నేను గానీ ఇంకెవరు గానీ, తెలిసిన మెకానిక్కు సూడకుండా అడ్వాన్సు ఇవ్వకండి.

భీమిలి_గాలి
దీనికి నా అనుభవం తోడు. సముద్రానికి అర కిలోమీటరు దూరంలో ఉంటాను. తొమ్మిదేళ్ళ కారుకి ఇప్పటికీ తుప్పు లేదు. చేసేదల్లా, కొన్న నెలలో అడుగున యాంటీ రస్ట్ కోటింగ్ వేయించడం, రెండు వారాలకోసారి మామూలు నీళ్ళతో అడుగు, చక్రాల గూళ్ళు కడిగించడం. తడి బండి మీద గుడ్డ కవరు కప్పొద్దు, లోపల ఉప్పు చెమ్మ ఇంకా ఎక్కువ నిలుస్తుంది.

మర్రిపాలెం_మీటర్
సీఎన్‌జీ మాస్టారికి కుదరదు. కంపెనీ సీఎన్‌జీ కారుకి సుమారు 90 వేలు ఎక్కువ. కిలోమీటరుకి 2 రూపాయలు మిగులుతుందనుకున్నా ఆ 90 వేలు రాబట్టడానికి 45 వేల కిలోమీటర్లు తిరగాలి. మీ ఏడాది తిరుగుడు 9,000. అంటే అయిదేళ్ళు. నేను రోజుకి 70 కిలోమీటర్లు పరవాడ వెళ్ళొస్తాను కాబట్టి నాకు రెండేళ్ళలో వచ్చేసింది. పైగా వాగన్ ఆర్‌లో సిలిండరు పెడితే డిక్కీ పోతుంది, అమ్మగారి కొబ్బరికాయలు ఒళ్ళో పెట్టుకోవాలి. టియాగోలో 2023 నుంచి రెండు చిన్న సిలిండర్లు అడుగున పెట్టి కొంత చోటు మిగిల్చారు. మూడేళ్ళకోసారి సిలిండరు పరీక్ష తప్పనిసరి. బంకు దగ్గర క్యూ కూడా లెక్కలో వేసుకోండి.

ఉద్దానం_కుర్రోడు
మాస్టారూ, మాది సోంపేట, మీ పక్కే. క్విడ్ వాడుతున్నాను. 2019లో కొన్నాను, 999 సీసీ. నేల నుంచి 184 మిల్లీమీటర్ల ఎత్తు. తోటల దారిలో గోతుల్లో అడుగు తగలదు, అది నిజంగా గొప్ప. డిక్కీ 279 లీటర్లు. కానీ వెనక ముగ్గురు పెద్దవాళ్ళు పలాస దాకా కూర్చోలేరు, ఇరుకు. మేం ఇంట్లో ముగ్గురమే కాబట్టి మాకు హాయి.
ఇంకో మాట. బ్రాండు దేశంలో నిలిచి ఉంటుందా అని కూడా చూడండి. మా బాబాయి కొన్న బ్రాండు, పేరెందుకులే, దేశం వదిలి వెళ్ళిపోయింది. బండి బాగానే నడుస్తోంది. హెడ్‌లైటు పగిలితే మాత్రం తెప్పించుకోడానికి రెండు నెలలు పట్టింది. షెవ్రొలే 2017లో అమ్మకాలు ఆపింది, డాట్సన్ 2022లో ఆగిపోయింది. చవగ్గా వచ్చే పాత బండ్లలో ఇలాంటివి చాలా ఉంటాయి. మీ ఊరికి యాభై కిలోమీటర్లలో సర్వీసు ఉందో లేదో చూసుకోండి. శ్రీకాకుళంలో ఆగిపోతే వైజాగ్ నుంచి టోయింగ్ బండి రావాల్సిన పరిస్థితి వద్దు.

సీతమ్మధార_పాత_చదువరి
ఒక చిన్న పిట్టకథ. చవక కారంటే మనవాళ్ళు మొహమాటపడతారు కదా. మా అమ్మాయి ఫ్రాన్స్‌లో ఉంటుంది. అక్కడ డాసియా అని రుమేనియా బ్రాండు ఉంది. మన క్విడ్ కట్టే రెనో 1999లో దాన్ని కొని, 2004లో లోగాన్ అనే కారు తెచ్చింది. అనవసరమైనవన్నీ తీసేసి, గట్టిగా, చవగ్గా కట్టిన కారు. అదే లోగాన్ 2007లో మహీంద్రా చేత మన దేశానికీ వచ్చింది. మన స్టేషను ముందు టాక్సీలుగా చాలా తిరిగాయి. మన డస్టరు కూడా పుట్టింది ఆ ఇంటే. అక్కడ డాక్టర్లు, ప్రొఫెసర్లు దాన్నే కొని, మిగిలిన డబ్బుతో పిల్లల్ని ఊళ్ళు తిప్పుతారట. మా అపార్టుమెంటులో ఒకాయన 12 లక్షల కారు కొని, పెట్రోలు ఖర్చుకి భయపడి ఆటోలో తిరుగుతున్నాడు. మాస్టారూ, మీరు 5 లక్షల కారు కొని నెలనెలా పలాస వెళ్ళండి.

హుద్‌హుద్_చూసినవాణ్ణి
ఇన్సూరెన్సు గురించి ఎవరూ వివరంగా చెప్పలేదు, కాబట్టి కొంచెం పొడుగైనా చదవండి.

2014 అక్టోబర్ 12, ఆదివారం, హుద్‌హుద్ తుపాను వచ్చిన రోజు. అప్పుడు మాది అక్కయ్యపాలెం. ఆరేళ్ళ పాత కారు. ఆ ఏడు ఖర్చు తగ్గించుకుందామని థర్డ్ పార్టీ పాలసీ ఒక్కటే కట్టాను. పొద్దున మొదలైన గాలి మధ్యాహ్నానికి తలుపులు పట్టుకుని నిలబడేలా చేసింది. గాలి తగ్గాక బయటికొచ్చి చూస్తే వీధిలో ఒక్క చెట్టు నిలబడి లేదు. మా గేటు ముందరి తురాయి చెట్టు కారు మీద అడ్డంగా పడుంది. పైకప్పు సీట్ల దాకా నొక్కుకుపోయింది. పక్కింటాయన కారు మీద కూడా అదే చెట్టు కొమ్మ. ఆయనకి క్లెయిము వచ్చింది. నాకు ఒక్క రూపాయి రాలేదు. ఇందులో ఎవరి తప్పూ లేదు, నేను కట్టిన పాలసీ అలాంటిది. థర్డ్ పార్టీ అంటే మన వల్ల ఎదుటివాళ్ళకి జరిగిన నష్టానికి మాత్రమే. తుపాను, వరద, దొంగతనం, మన బండికి తగిలిన దెబ్బ, ఇవన్నీ ఓన్ డ్యామేజ్ పాలసీలో ఉంటాయి.

కొత్త కారుకి మూడేళ్ళ థర్డ్ పార్టీ ఒకేసారి కట్టించుకుంటారు, 2018 నుంచి అది నిబంధన. కాగితం మీద "మూడేళ్ళు" చూసి మూడేళ్ళూ అన్నీ ఉన్నాయనుకుంటారు జనం. ఓన్ డ్యామేజ్ సాధారణంగా ఒక్క ఏడాదికే ఉంటుంది. రెండో ఏడు మళ్ళీ కట్టాలి, తేదీ గోడ మీద రాసుకోండి. షోరూములో ఇచ్చే పాలసీయే తీసుకోవాలని లేదు, బయట ధర కనుక్కుని పోల్చి చూడండి. క్లెయిము లేని ఏడాదికి నో క్లెయిమ్ బోనస్ 20 శాతంతో మొదలై అయిదేళ్ళకి 50 దాకా పెరుగుతుంది. చిన్న గీతకి క్లెయిము వేసి దాన్ని పోగొట్టుకోవద్దు.

రెండు అదనపు కవర్లు మన ఊరికి అవసరం: జీరో డెప్ (క్లెయిములో విడిభాగాల ధరకి తరుగు కోయకుండా ఇచ్చేది), ఇంజన్ ప్రొటెక్షన్. వానాకాలం నిలిచిన నీళ్ళలో బండి ఆగిపోతే మళ్ళీ స్టార్ట్ చేయకండి. లోపలికి పోయిన నీరు నొక్కినా కుదించుకుపోదు, దాంతో ఇంజను లోపలి కడ్డీలు వంగిపోతాయి. అలా చేసిన నష్టానికి మామూలు పాలసీ డబ్బివ్వదు. దిగి, తోసుకుని పక్కకి పెట్టి, ఫోన్ చేయండి.

ఆ కారుని తుక్కుకి అమ్మిన రోజు మా నాన్నగారు దాని స్టీరింగు మీద చెయ్యి వేసి చాలాసేపు కూర్చున్నారు. ఆయన రిటైరుమెంటు డబ్బుతో కొన్న కారు అది. మాస్టారూ, ఏడాదికి ఆ కొన్ని వేలు మిగుల్చుకోవద్దు.

కంచరపాలెం_బ్యాంకు
ఇది చదివాక నెలకి 2,500 అన్నది 3,000 అనుకోండి.

పెందుర్తి_లెక్కలమాస్టారు
పది రోజుల తర్వాత వస్తున్నాను. అందరికీ చేతులెత్తి దండం. బీచ్ రోడ్డు బండిని పానా గారి దగ్గర లిఫ్టు ఎక్కించాం. స్టెప్నీ కింద రేకులోంచి నేల కనిపించింది. 500 రూపాయలతో 2.8 లక్షలు మిగిలాయి.

తర్వాత అమ్మని తీసుకుని మూడు షోరూములు తిరిగాం. ఆల్టోలో కూర్చుంది గానీ లేవలేకపోయింది. క్విడ్‌లో ముందు సీటు బాగుందంది, వెనక మేం ముగ్గురం కూర్చున్నాక మా అబ్బాయి మొహం చూసి మానుకున్నాం. టియాగో నాకూ అమ్మాయికీ బాగా నచ్చింది. అరకు_ఘాట్ గారూ, మీ మాటలు మనసులో పెట్టుకునే నడిపాను, నిజంగా దిటవైన బండి. కానీ అమ్మ దిగేటప్పుడు నా భుజం పట్టుకుంది. వాగన్ ఆర్ దగ్గర నేను తలుపు తీసేలోపు తనే తీసుకుంది, కూర్చుంది, దిగింది, ఎవర్నీ పట్టుకోలేదు. దిగి డిక్కీ తెరిపించి, "బస్తా పడతాదిరా" అంది.

అదే బుక్ చేశాం. బేస్ వేరియంట్, ఆరు ఎయిర్‌బ్యాగులు. మధ్య సీటు బెల్టు స్వయంగా లాగి చూసుకున్నాను. హ్యాండ్లింగ్ ఛార్జీ అని 9,500 వేశారు, ఏ లెక్కన అని రాసిమ్మంటే తీసేశారు. ఇన్సూరెన్సు బయట తీసుకున్నాను, రెండు అదనపు కవర్లతో. లోను అయిదేళ్ళకే. అన్నీ కలిపి 6.2 లక్షలు. అడుగు కోటింగు వచ్చే వారం.

ఒక్క సందేహం మిగిలింది. అమ్మ ముందు సీట్లోనే కూర్చుంటానంటోంది. పొట్టి మనిషి, బెల్టు మెడకి ఒరుసుకుంటోంది. కింద దిండు వేయనా?

ఉషోదయ_జంక్షన్
మెత్తటి దిండు వద్దు మాస్టారూ. బ్రేకు వేసినప్పుడు అది నలిగిపోయి మనిషి బెల్టు కిందకి జారిపోతుంది. సీటు వెనక్కి జరిపి, వీపు నిటారుగా పెట్టండి. నడుం పట్టీ పొట్ట మీద కాకుండా తుంటి ఎముక మీద ఆనేలా కింద నుంచి సరిచేయండి. వీపు ఆనించి కూర్చుంటే పై పట్టీ చాలావరకు భుజం మీదకి వస్తుంది. డాష్‌బోర్డుకి దూరంగా ఉండటం ఎయిర్‌బ్యాగు రీత్యా కూడా మంచిదే. అప్పటికీ మెడకి తగులుతుంటే వెనక ఎడమ సీట్లో కూర్చోబెట్టి చూడండి, ఆ తలుపు కూడా వెడల్పుగానే తెరుచుకుంటుంది.

ఆటోనగర్_పానా
సంపత్ వినాయకుడి దగ్గర పూజ అయ్యాక బండి ఒకసారి ఇటు తెండి. తలుపుల కింద కన్నాలు ఎక్కడున్నాయో మీ అబ్బాయికి సూపిస్తాను. వానాకాలం ముందు పుల్లతో తీసుకోడం ఆడికి నేర్పాల.